వంటగదికా, చుక్కాని దగ్గరికా? కోస్ట్ గార్డ్ శిక్షణ చివర్లో తేలే లెక్క

ఒడిశా ఖుర్దా జిల్లాలో, చిల్కా సరస్సు ఒడ్డున, ఐఎన్ఎస్ చిల్కా అనే శిక్షణ కేంద్రం ఉంది. 1980లో మొదలైన ఈ కేంద్రం నౌకాదళానిది. అయితే నౌకాదళంలో చేరే కుర్రాళ్ళతో పాటు కోస్ట్ గార్డ్‌కు నావిక్‌లుగా ఎంపికైనవాళ్ళు కూడా తొలి శిక్షణ ఇక్కడే తీసుకుంటారు. తెల్లారకముందే పరుగు, ఆ తర్వాత డ్రిల్లు, రైఫిల్, ఈత, తాళ్ళ ముడులు, పడవ నడపడం, మంటలార్పడం, ప్రథమ చికిత్స. వారాలు గడిచి శిక్షణ ముగింపుకు వచ్చేసరికి అందరి జుట్టూ ఒకటే, అందరి నడకా ఒకటే. శ్రీకాకుళం వాడెవడో, రోహ్తక్ వాడెవడో దూరం నుంచి చూస్తే తెలియదు. పాసింగ్ అవుట్ పరేడ్ నాటి ఫొటో ఊరికి చేరుతుంది. మాలపల్లెలోనో మాదిగగూడెంలోనో ఆ ఫొటో అంబేడ్కర్ పటం పక్కన గోడెక్కుతుంది.

ఆ ఫొటోకు మన దగ్గర ఉన్న విలువ ఊరికే వచ్చింది కాదు. బాబాసాహెబ్ పుట్టింది మౌ కంటోన్మెంటులో. ఆయన తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు. చదువూ జీతమూ ఆ ఇంట్లోకి సైన్యం ద్వారానే వచ్చాయి. 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్ వాళ్ళు 'యుద్ధ జాతుల' సిద్ధాంతం పట్టుకుని మహర్ల భర్తీని ఆపేశారు. దానివల్ల పోయింది కొన్ని ఉద్యోగాలు మాత్రమే కాదు, అంటరాని కులాలు పైకి రావడానికి ఉన్న ఒక మెట్టు. మహర్ రెజిమెంట్ మళ్ళీ 1941లో గానీ రాలేదు. యూనిఫాం కోసం మన పిల్లలు పడే తపనను 'దేశభక్తి పిచ్చి' అని తీసిపారేసే మిత్రులు ఈ చరిత్రను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

హాస్టళ్ళలో ఉండి పోటీ పరీక్షలకు చదువుకునే తమ్ముళ్ళు మమ్మల్ని తరచూ అడిగేది రెండే ప్రశ్నలు. ఏ బలగంలో మనకు రిజర్వేషన్ ఉంది? సెలెక్ట్ అయ్యాక మనల్ని ఎలా చూస్తారు? మొదటిదానికి జవాబు సులువు. రెండోదాని కోసమే ఈ వ్యాసం.

సైన్యం, నౌకాదళం, వైమానిక దళం. ఈ మూడింటి సైనిక నియామకాల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్ లేదు. రాజ్‌పుత్ రెజిమెంటు, జాట్ రెజిమెంటు ఉండొచ్చు. కులం పేరుతో రెజిమెంట్లు ఉండొచ్చు గానీ కులం లెక్కన వాటా మాత్రం అడగకూడదట. కోస్ట్ గార్డ్ సంగతి వేరు. అది కూడా రక్షణ మంత్రిత్వ శాఖ కిందే పనిచేస్తుంది. 1977లో తాత్కాలికంగా మొదలై, 1978లో సొంత చట్టం తెచ్చుకుంది. ఆ చట్టమే దాన్ని కేంద్ర సాయుధ బలగం అని చెబుతుంది. అయినా నావిక్, యాంత్రిక్ పోస్టుల నుంచి అసిస్టెంట్ కమాండెంట్ దాకా ప్రతి ప్రకటనలో ఖాళీలను ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ అని విడగొట్టి చూపిస్తారు. నావిక్ వయసు 18 నుంచి 22 ఏళ్ళు కాగా ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ళు, ఓబీసీలకు 3 ఏళ్ళు సడలింపు ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలకు పరీక్ష ఫీజు లేదు. దేహదారుఢ్య పరీక్ష మాత్రం అందరికీ ఒకటే: 1.6 కిలోమీటర్లు 7 నిమిషాల్లో పరుగెత్తాలి, 20 గుంజిళ్ళు, 10 పుషప్‌లు తీయాలి. రిజర్వేషన్ వల్ల గడియారం ఎవరికీ నెమ్మదిగా తిరగదు.

సాయుధ బలగంలో రిజర్వేషన్ పెడితే దేశ రక్షణ దెబ్బతింటుందని టీవీల్లో వాదించే పెద్దమనుషులకు చూపించాల్సిన జవాబు ఈ బలగమే. తుపానులో చిక్కుకున్న మరబోట్లను వెతికేది, నడిసముద్రంలో చమురు ఒలికితే శుభ్రం చేసేది, స్మగ్లర్ల పడవలను ఆపేది రిజర్వేషన్‌తో వచ్చినవాళ్ళు కూడా ఉన్న సిబ్బందే. విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం, కృష్ణపట్నంలో వాళ్ళ స్టేషన్లున్నాయి. మన మత్స్యకారులకు వాళ్ళు తెలియనివాళ్ళు కాదు.

ఇంకో కారణం కూడా ఉంది. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించాక మూడు దళాల్లో కింది స్థాయి భర్తీ నాలుగేళ్ళ ముచ్చటైపోయింది. నాలుగేళ్ళ తర్వాత 25 శాతం మందికే కొనసాగింపు, మిగిలినవాళ్ళు ఇంటికి. చిల్కాలో 16 వారాల శిక్షణ పూర్తిచేసే నౌకాదళ అగ్నివీరుడి పరిస్థితి అది. అదే మైదానంలో కవాతు చేసే కోస్ట్ గార్డ్ నావిక్‌ది పర్మనెంట్ ఉద్యోగం, పింఛను లెక్కలోకి వచ్చే సర్వీసు. భూమి లేని ఇంట్లో ఈ రెంటికీ తేడా ఎంతో విడమరచి చెప్పనక్కరలేదు. ఆ జూన్‌లోనే రక్షణ మంత్రిత్వ శాఖ కోస్ట్ గార్డ్ ఖాళీల్లో 10 శాతం అగ్నివీరులకు కేటాయిస్తున్నట్టు చెప్పింది. రిజర్వేషన్ లేని దారిలో లోపలికి వెళ్ళి బయటికొచ్చినవాళ్ళు రిజర్వేషన్ ఉన్న బలగంలోకి వస్తారన్నమాట. ఆ 10 శాతంలో ఎస్సీ, ఎస్టీ వాటా ఎలా లెక్కిస్తున్నారో గమనిస్తూ ఉండాల్సిన బాధ్యత మన సంఘాలది.

ఇక రెండో ప్రశ్న. ఎంపికైనంత మాత్రాన ఉద్యోగం ఖాయమైనట్టు కాదు. శిక్షణలో పనితీరు గానీ నడవడిక గానీ సంతృప్తికరంగా లేదనుకుంటే ఎప్పుడైనా వెనక్కి పంపే అధికారం బలగానికి ఉంటుంది. అందుకే చివరి వారాలు అంత ఒత్తిడిగా గడుస్తాయి. ఆ ఒత్తిడి అందరికీ ఉంటుంది గానీ మన పిల్లలకు దాని మీద ఇంకొంత బరువు ఉంటుంది.

ఈత సంగతే చూడండి. భర్తీ పరీక్షలో ఈత లేదు. శిక్షణలో ఉంది. చిన్నప్పుడే ఊరి చెరువులో, దిగుడు బావిలో ఈదిన కుర్రాడికి అది ఆట. ఆ చెరువులోకి, ఆ బావిలోకి దిగనివ్వని కులం కుర్రాడికి అది మొదటి పాఠం. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగడానికే అంత పెద్ద పోరాటం చేయాల్సి వచ్చింది. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగలు తాగే చెరువు నీళ్ళను పాడుచేస్తుంటే అడ్డుకున్నందుకు. ఆ జూలై 17న ఆరుగురు మాదిగలను చంపారు. కారంచేడు సముద్రానికి దూరమేమీ కాదు, నిజాంపట్నం కోస్ట్ గార్డ్ స్టేషన్ ఉన్న తీరం వైపు ఊరే. నీళ్ళంటే భయం కొందరిలో ఎందుకుంటుందో ఆ ఊరి చరిత్ర తెలిసినవాళ్ళు శిక్షకుడికి చెప్పగలరు. అమెరికాలోనూ ఇదే కథ. నల్లవాళ్ళను తెల్లవాళ్ళ స్విమ్మింగ్ పూళ్ళలోకి దశాబ్దాల పాటు రానివ్వలేదు. ఆ దేశపు కోస్ట్ గార్డ్ రిక్రూట్ ఎత్తైన పలక మీద నుంచి నీళ్ళలోకి దూకి, 100 మీటర్లు ఈది, 5 నిమిషాలు నీళ్ళపై తేలి చూపించకపోతే శిక్షణ పూర్తయినట్టు కాదు. ఈత నేర్చుకోగలిగినదే, చాలామంది నేర్చుకుంటారు కూడా. కాకపోతే ఇద్దరు కుర్రాళ్ళు ఒకే గీత దగ్గర నుంచి బయల్దేరలేదని ఆ మార్కుల కాగితం మీద ఎక్కడా ఉండదు.

ఈత కంటే గట్టి దెబ్బ కాగితం దగ్గర తగలొచ్చు. కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థి నియామకం కుల ధ్రువీకరణ పత్రం సరిచూసేదాకా తాత్కాలికమే. పత్రం చెల్లదని తేలితే, కారణం వేరే చెప్పకుండానే తీసేయవచ్చన్న షరతు నియామక ఉత్తర్వులోనే ఉంటుంది. మాధురీ పాటిల్ కేసులో 1994లో సుప్రీంకోర్టు ఈ పరిశీలనకు ఒక పద్ధతి పెట్టింది. 2017లో జగదీశ్ బలరాం బహీరా కేసులో, చెల్లని పత్రంతో వచ్చిన ఉద్యోగం ఎన్నేళ్ళు చేసినా నిలవదని చెప్పింది. దొంగ పత్రాలతో మన సీట్లు కాజేసేవాళ్ళ మీద ఈ తీర్పులు అవసరమే. మనవాళ్ళు చిక్కుకునేది మాత్రం వేరే చోట.

రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు 1950లోని మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులనూ ముస్లింలనూ చేర్చలేదు. కోస్తా జిల్లాల్లో చర్చి లేని మాలపల్లె, మాదిగపల్లె ఎక్కడుంది? పేరు ఏసురత్నం, పత్రంలో హిందూ మాల. ఇది మోసం కాదు. ఊరు వాణ్ణి ఇప్పటికీ ఏ పేరుతో పిలుస్తుందో, ఏ వాడలో ఉంచుతుందో చూస్తే వాడి కులం తెలుస్తుంది. చట్టం దృష్టి వేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1977లో జీవో 341 ద్వారా మతం మారిన దళితులకు కొన్ని రాయితీలు ఇచ్చింది. అవి రాష్ట్రం తన చేతిలో ఉన్నంత మేరకు ఇచ్చినవి, ఉద్యోగ రిజర్వేషన్ వాటిలో లేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను రాష్ట్రం బీసీ-సీగా చూస్తుంది, కేంద్రంలో వాళ్ళు ఓబీసీలు. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, 2025లో ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇదే గీతను మరింత గట్టిగా గీశాయి. మతం మారినవారికి ఎస్సీ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది.

దీన్ని కోస్ట్ గార్డ్ కుర్రాడి జీవితంలోకి తెచ్చి చూడండి. చిల్కాలో చేరేటప్పుడు పత్రాలన్నీ చూపించాడు. ఇక్కడ కలెక్టరు కార్యాలయం నుంచి విచారణ జరగాలి. వీఆర్వో ఇంటికొస్తాడు, గోడ మీద సిలువ చూస్తాడు, పక్కింటి పెద్దకులపాయన 'వాళ్ళు చర్చికి పోతారు' అంటాడు. ఊళ్ళో ఎవడికైనా ఆ కుటుంబం మీద పాత కక్ష ఉంటే ఒక అర్జీ చాలు. కుర్రాడు అక్కడ పరేడ్ రిహార్సల్లో ఉంటాడు. అందుకే మేము విద్యార్థులకు చెప్పేది: కేంద్ర ప్రభుత్వ నమూనాలో కుల పత్రం దరఖాస్తు నాటికే తీసిపెట్టుకోండి, బడి టీసీలోనూ తల్లిదండ్రుల పత్రాల్లోనూ కులం, మతం ఒకే రకంగా ఉన్నాయో లేదో చూసుకోండి, ఎస్సీ కింద వేయాలా ఓబీసీ కింద వేయాలా అన్నది ఫారం నింపేముందే తెలిసినవాళ్ళతో మాట్లాడి తేల్చుకోండి. శిక్షణ మధ్యలో ఈ మాట వస్తే వెనక్కి తిరిగే దారి ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తొలి శిక్షణ ముగింపులో ప్రతి రిక్రూట్ మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే: నన్ను ఏ పనిలో వేస్తారు?

నావిక్‌లలో రెండు శాఖలున్నాయి. జనరల్ డ్యూటీ ఒకటి, డొమెస్టిక్ బ్రాంచ్ ఇంకొకటి. వీళ్ళు కాక డిప్లొమా చదివినవాళ్ళు యాంత్రిక్‌లుగా ఇంజిన్లు, విద్యుత్ పరికరాల వైపు వెళతారు. జనరల్ డ్యూటీకి ఇంటర్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం ఉండాలి. డొమెస్టిక్ బ్రాంచ్‌కి పది పాసైతే చాలు. తొలి శిక్షణ తర్వాత సముద్రం మీద శిక్షణ, ఆ తర్వాత కేటాయించిన ట్రేడులో వృత్తి శిక్షణ ఉంటాయి. జనరల్ డ్యూటీ వాళ్ళు చుక్కాని పట్టడం నుంచి రాడార్, కమ్యూనికేషన్, ఆయుధాలు, స్టోర్స్ లాంటి పనుల్లోకి వెళతారు. ఎవరికి ఏ ట్రేడు అన్నది బలగం అవసరాన్నీ శిక్షణలో చూపిన పనితీరునూ బట్టి నిర్ణయిస్తారు. డొమెస్టిక్ బ్రాంచ్‌లో రెండే పనులు. కుక్: శాకాహారం, మాంసాహారం వండాలి, రేషన్ లెక్క చూడాలి. స్టీవార్డ్: ఆఫీసర్ల మెస్‌లో వడ్డించాలి, గదులు చూసుకోవాలి, మెస్ సరుకుల లెక్క రాయాలి. నావిక్ ఎవరైనా మూలవేతనం 21,700 రూపాయలే. కాగితం మీద తేడా లేదు.

ఈ దారులు విడిపోయేది చిల్కాలో కాదు. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోలేకపోయిన నాడే కుర్రాడికి ఒక తలుపు మూసుకుంది. మండల కేంద్రంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉంటే దాని ఫలితం ఎక్కడో సముద్రం మీద ఓడలో కనిపిస్తుంది. గురుకులాల్లో ఎంపీసీ సీట్ల సంఖ్య, లెక్కల మాస్టారి నియామకం లాంటివి సాయుధ బలగాల్లో మన ప్రాతినిధ్యానికి సంబంధించినవి కావనుకోవడం పొరపాటు.

పని పంపకం ద్వారా వివక్ష ఎలా నడుస్తుందో చూడాలంటే అమెరికా కోస్ట్ గార్డ్ చరిత్రలోకి వెళ్ళాలి. అక్కడ అది దాపరికం లేకుండా నడిచింది కాబట్టి స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ బలగానికి ముందు రూపాల్లో ఒకటి తీరప్రాంత ప్రాణరక్షక సర్వీసు. నార్త్ కరోలినా తీరంలో దాని స్టేషన్లలో నల్లవాళ్ళు ఉండేవాళ్ళు గానీ సాధారణంగా వరసలో ఆఖరి స్థానంలో ఉండేవాళ్ళు. వంట, గుర్రాల సంరక్షణ వాళ్ళ మీదే పడేవి. బానిసగా పుట్టిన రిచర్డ్ ఎథరిడ్జ్ అలాంటి ఆఖరి స్థానం నుంచి 1880లో పీ ఐలాండ్ స్టేషన్‌కు అధిపతి అయ్యాడు. నల్లవాడి కింద పనిచేయం అని తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు. దాంతో ఆ స్టేషన్ మొత్తం నల్లవాళ్ళదే అయింది. 1896 అక్టోబర్ 11న పెను తుపానులో ఈ.ఎస్. న్యూమన్ అనే ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పడవ దించే వీలు లేదు. ఇద్దరిద్దరు చొప్పున నడుముకు తాడు కట్టుకుని అలల్లోకి ఈదుతూ వెళ్ళి ఓడలోని తొమ్మిది మందినీ తెచ్చారు. ఆ సాహసానికి బంగారు పతకం 1996లో ఇచ్చారు. నూరేళ్ళ తర్వాత.

1915లో కోస్ట్ గార్డ్ ఏర్పడ్డాక కూడా నల్ల రిక్రూట్‌కు ఓడ మీద దొరికే పని దాదాపు ఒకటే: ఆఫీసర్లకు వండటం, వడ్డించడం. అలెక్స్ హేలీ పేరు మన పాఠకుల్లో చాలామందికి తెలుసు, 'రూట్స్' రాసిన ఆయనే. 1939లో ఆయన కోస్ట్ గార్డ్‌లో మెస్ అటెండెంట్‌గా చేరాడు. ఖాళీ సమయంలో తోటి సిబ్బందికి ప్రేమలేఖలు రాసిపెట్టేవాడు. రాయగలడని తెలిశాక బలగం ఆయన కోసం జర్నలిస్టు హోదా ఇచ్చింది, 1959లో చీఫ్ జర్నలిస్టుగా రిటైరయ్యాడు. ఒక్కడు బయటపడ్డాడు. వంటగదిలోనే రిటైరైన ప్రతిభావంతుల పేర్లు మనకు చేరలేదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942లో న్యూయార్క్ మాన్‌హట్టన్ బీచ్ కేంద్రంలో సుమారు 150 మంది నల్లవాళ్ళకు మామూలు నావిక శిక్షణ మొదలైంది. తరగతులు కలిపి నడిపినా పడక మాత్రం వేరు. శిక్షణ పూర్తయ్యాక వాళ్ళను పంపింది ఎక్కువగా ఒడ్డు మీద కాపలా పనులకు. ఓడ మీద వేయాలంటే తెల్లవాళ్ళతో కలిపి వేయాలి కదా. ఈ ముడిని విప్పే మార్గం కార్ల్‌టన్ స్కిన్నర్ అనే తెల్ల అధికారి చూపించాడు. అంతకు ముందు ఆయన పనిచేసిన నార్త్‌ల్యాండ్ ఓడలో ఒలివర్ హెన్రీ అనే నల్ల స్టీవార్డ్ ఉండేవాడు. ఇంజిన్ పని బాగా తెలిసినవాడు. అయినా రంగు కారణంగా మెకానిక్ హోదా ఇవ్వడానికి అడ్డుపడ్డారు. అది చూసిన స్కిన్నర్ నలుపు, తెలుపు కలిసిన సిబ్బందితో ఒక ఓడ నడిపి చూద్దామని ప్రతిపాదించాడు. 1943 చివర నుంచి 1944 దాకా 'సీ క్లౌడ్' అనే వాతావరణ పరిశీలక ఓడ అలా నడిచింది. ఆ ఓడ ఏమీ మునిగిపోలేదు. తనిఖీల్లో మిగతా ఓడలకు తీసిపోలేదు. చిత్రకారుడు జేకబ్ లారెన్స్ కూడా ఆ సిబ్బందిలో ఒకడు.

ఇవాళ అమెరికా కోస్ట్ గార్డ్ రిక్రూట్లందరూ న్యూజెర్సీలోని కేప్ మేలో 8 వారాల శిక్షణ తీసుకుంటారు. శిక్షణ ముగియకముందే ఎవరు ఏ యూనిట్‌కు వెళ్ళాలో ఉత్తర్వులు చేతికొస్తాయి. పరేడ్ కంటే ఎక్కువ ఆత్రంగా ఎదురుచూసేది ఆ కాగితం కోసమే. ఎథరిడ్జ్ పేరుతో ఒక గస్తీ ఓడ ఉంది, హేలీ పేరుతో మరొకటి ఉంది. పేర్లు పెట్టడం తేలికే అనే విమర్శ అక్కడా ఉంది. కానీ ఒక నల్ల కుర్రాణ్ణి నల్లవాడైనందుకే వంటగదికి పంపే ఉత్తర్వు మాత్రం ఇప్పుడు ఎవరూ రాయలేరు.

ఈ చరిత్రను మన మీద అచ్చంగా అతికించలేం. నల్లవాడి చేతి వంట తెల్లవాడికి అభ్యంతరం కాదు, పైగా నల్లవాడి స్థానం అదే అనుకున్నాడు. మన దగ్గర కులం వంటగది గుమ్మం దగ్గరే కాపలా కాస్తుంది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో దళిత మహిళ వండిన మధ్యాహ్న భోజనాన్ని పెద్దకులాల పిల్లలు తినలేదు. అప్పుడు పనిలోంచి తీసేసింది ఆమెనే. అలాంటి దేశంలో ఒక మాదిగ కుర్రాడు కోస్ట్ గార్డ్ ఓడ వంటగదిలో గరిట పడితే, నడిసముద్రంలో బ్రాహ్మణ కమాండెంట్ నుంచి కొత్త నావిక్ దాకా వాడి చేతి కూడే తినాలి. ఆ పనిని చిన్నచూపు చూడడానికి మేము సిద్ధంగా లేము. ఒక రకంగా మన ఊళ్ళలో జరగనిది అక్కడ జరుగుతోంది. స్టీవార్డ్ పని కొంచెం వేరు. ఆఫీసరుకు వడ్డించడం, గది సర్దడం అనే సంబంధంలో దొరతనం వాసన ఇంకా పోలేదు.

అమెరికా మెస్ అటెండెంట్‌కు మన దేశంలో నిజమైన సాటి ఎవరంటే శుభ్రం చేసేవాడు. ఓడ మీద మరుగుదొడ్లు కడిగేవాణ్ణి పాత రోజుల నుంచి 'టోపాస్' అనేవాళ్ళు. నౌకాదళంలో ఆ పేరు తర్వాత 'శానిటరీ హైజీనిస్ట్' అయింది. అర్హత 6వ తరగతి అని ప్రకటనలు వచ్చేవి. అగ్నిపథ్ వచ్చాక పది పాసైన అగ్నివీరుల పోస్టుల్లో షెఫ్, స్టీవార్డ్ పక్కన 'హైజీనిస్ట్' కూడా కనిపిస్తుంది. వాష్‌రూములు శుభ్రంగా ఉంచడం పని అని అందులోనే రాసి ఉంటుంది. కోస్ట్ గార్డ్‌లో 'ఎన్‌రోల్డ్ ఫాలోయర్' అనే పోస్టు ఉంది, పక్కనే సఫాయివాలా అని రాస్తారు. పేరులో ఇంగ్లీషు పెరిగింది, పని మారలేదు. ఈ పోస్టులకు దరఖాస్తు చేసేది ఏ వాడల నుంచో విశాఖలో రెల్లి వీధుల్లో తిరిగినవాళ్ళెవరికీ చెప్పనక్కరలేదు. దేశ రక్షణలో 'సమాన భాగస్వామ్యం' అన్న లెక్కలో సఫాయివాలాను కూడా కలిపి చూపిస్తే ఎస్సీ శాతం నిండినట్టే ఉంటుంది. ఎక్కడ నిండిందన్నదే ప్రశ్న.

ఆడపిల్లల సంగతి ఈ లెక్కలోకి రానే రాదు. నావిక్ ప్రకటనలు ఇన్నాళ్ళూ మగవాళ్ళకే. ఆఫీసర్లుగా మహిళలున్నారు, వాళ్ళకు కూడా పర్మనెంట్ కమిషన్ కోసం ప్రియాంకా త్యాగి 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. 1921 టుల్సా ఊచకోతలో ఆరేళ్ళ పిల్లగా బతికి బయటపడ్డ ఒలివియా హుకర్ 1945లోనే అమెరికా కోస్ట్ గార్డ్‌లో చేరిన మొదటి నల్ల మహిళ. మన దగ్గర ఇంటర్ ఎంపీసీ చదివిన దళిత అమ్మాయికి ఆ మైదానం గేటే తెరుచుకోలేదు.

అందుకే 15 శాతం నిండిందా లేదా అని మాత్రమే అడిగితే సరిపోదు. 1995లో సబర్వాల్ తీర్పు తర్వాత, 1997 నుంచి కేంద్రంలో రిజర్వేషన్ పోస్టుల ఆధారంగా రోస్టర్ ప్రకారం నడుస్తోంది. కాబట్టి పోస్టుల వారీ లెక్క రాసి ఉంచడం తప్పనిసరి. ప్రతి మంత్రిత్వ శాఖలో ఎస్సీ, ఎస్టీ వ్యవహారాలకు లైజన్ అధికారి ఉండాలి. జాతీయ ఎస్సీ కమిషన్‌కు 338వ అధికరణం కింద అధికారులను పిలిపించి విచారించే అధికారం ఉంది. సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్లో మినహాయింపు పొందిన సంస్థల్లో బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ లాంటివి ఉన్నాయి గానీ కోస్ట్ గార్డ్ లేదు. భద్రతకు సంబంధించినవి అడిగితే ఇవ్వరు. ఏ ట్రేడులో ఎంతమంది ఎస్సీలున్నారన్నది భద్రతా రహస్యం కాదు.

దరఖాస్తులో అడగాల్సినవి ఇవి. గత ఐదేళ్ళలో తొలి శిక్షణలో చేరిన నావిక్‌లు, యాంత్రిక్‌లు కేటగిరీల వారీగా ఎంతమంది, పూర్తిచేసినవాళ్ళు ఎంతమంది, మధ్యలో వెనక్కి పంపినవాళ్ళు ఎంతమంది, ఏ కారణంతో పంపారు. జనరల్ డ్యూటీలో ట్రేడు కేటాయింపు కేటగిరీల వారీగా. డొమెస్టిక్ బ్రాంచ్‌లో కుక్, స్టీవార్డ్ విడివిడిగా. ఎన్‌రోల్డ్ ఫాలోయర్లలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, జనరల్ ఎందరు. కుల పత్రం చెల్లదని తొలగించినవాళ్ళు ఎందరు, అందులో మతం కారణంగా తొలగించినవాళ్ళు ఎందరు. మాల, మాదిగ, రెల్లి అని కేంద్రం విడగొట్టదు కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు రాదు, ఆ లెక్క మన సంఘాలే ఊళ్ళ వారీగా తీయాలి. ఫీజు 10 రూపాయలు, ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. 'సమాచారం ఆ రూపంలో లేదు' అని వస్తే మొదటి అప్పీలులో రోస్టర్ రిజిస్టర్ నకలు అడగండి.